ఎనిమిది పాటలకు ఒకటే కోరస్: మా క్రిస్మస్ ఆల్బమ్ అనుభవం

పోయినేడు మా గుంటూరు చర్చి కోయర్ పేరు మీద ఎనిమిది పాటల క్రిస్మస్ ఆల్బమ్ తెచ్చాం. ఎక్కువ పాటలకు మాటలు నావి. వాటి ట్యూన్లు, అన్నిటికీ ప్రోగ్రామింగ్ (కంప్యూటర్లో వాయిద్యాలు పేర్చే పని) మా కీబోర్డ్ తమ్ముడివి. ఏడు పాటలకు ఏడుగురు గెస్ట్ సింగర్లు. ఇద్దరు సినిమాల్లో పాడేవాళ్లు, ఒకరు కర్ణాటక సంగీతం నేర్పే మేడమ్, ఒకరు ర్యాప్ పాడే కాలేజీ కుర్రాడు, ఒకరు డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా చర్చి అమ్మాయి, మిగతా ఇద్దరు సభల్లో ఆరాధన నడిపించేవాళ్లు. ఎనిమిదో పాట అందరిదీ. ఇలాంటి ఆల్బమ్ చేయాలని చాలా కోయర్లకు ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, దేనికి ఎక్కువ టైం పడుతుంది అని నన్ను అడిగేవాళ్లు కూడా ఎక్కువే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మనకు క్రిస్మస్ పాటలేం కొత్త కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తన పైనే రాగం, తాళం అచ్చువేసి కనిపిస్తాయి. చౌధరి పురుషోత్తం గారి (1803–1890) లాంటి కవులు వేసిన బాట అది. క్యాసెట్ల రోజుల్లో బాలు గారు, సుశీలమ్మ, జానకమ్మ పాడిన క్రైస్తవ గీతాలు మైకుల్లో మోగుతూనే ఉండేవి. ఇప్పుడంతా సింగిల్స్ కాలం. నవంబరు వచ్చిందంటే యూట్యూబ్‌లో లెక్కలేనన్ని కొత్త పాటలు వస్తాయి, జనవరికల్లా చాలావాటిని మర్చిపోతాం. ఎనిమిది పాటలు ఒకదాని తర్వాత ఒకటి కూర్చుని వినేలా, ఒక్కో పాట ఒక్కో గొంతులో, పాప్ సంగీతంతో చేయాలన్నది మా ఆశ.

ఆ ఆశ మా తమ్ముడికి కలిగించింది 1987లో అమెరికాలో వచ్చిన 'ఎ వెరీ స్పెషల్ క్రిస్మస్' అనే ఆల్బమ్. స్పెషల్ ఒలింపిక్స్ సంస్థకు నిధుల కోసం చేశారు దాన్ని. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, విట్నీ హ్యూస్టన్, మడోనా, యూటూ, స్టింగ్ అందరూ తలా ఒక పాట ఇచ్చారు. నాకూ ఇష్టమే కానీ, వింటుంటే ఒక్కో పాటతో ఒక్కో ఇంట్లోకి వెళ్లొచ్చినట్టే ఉంటుంది. దానికంటే 1963లో ఫిల్ స్పెక్టర్ నిర్మించిన క్రిస్మస్ ఆల్బమ్ నాకు ఎక్కువ పాఠం చెప్పింది. అందులోనూ గాయకులు వేరువేరే. కానీ వెనక వాయించింది ఒకటే బృందం, రికార్డు చేసింది లాస్ ఏంజెలెస్‌లోని ఒకటే స్టూడియో. అందుకే ఎవరు పాడినా అది ఒకే ఇంటి పాటలా ఉంటుంది. పాపం, ఆ రికార్డు విడుదలైన నవంబరు 22నే కెనెడీ హత్య జరిగింది. అప్పట్లో పెద్దగా ఎవరూ కొనలేదు. తర్వాతి తరాలు దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి.

ఈ మాటలన్నీ మా అయ్యగారి (మా చర్చి పాస్టర్) దగ్గర చెబితే ఆయన ఒకటే అడిగారు: "పాడేది బయటివాళ్లయితే మన సంఘం ఎక్కడుంటుందమ్మా ఇందులో?"

ఆ ప్రశ్న మీదే ఆల్బమ్ అంతా నిలబడింది. ఎనిమిది పాటల్లోనూ కోరస్ మా సంఘమే, అంటే మా చర్చికి వచ్చేవాళ్లే పాడాలని ఆరోజే తేల్చుకున్నాం. గెస్ట్ ఎవరైనా సరే, పల్లవి రెండోసారి వచ్చేసరికి మావాళ్ల గొంతులు కలవాలి. గిటార్ ఒకరే, డప్పు ఒకరే. చర్చిలో ముందు వరసలో కూర్చునే ముసలమ్మ కూడా అందుకోగలిగేలా కోరస్ ట్యూన్ ఉండాలి.

ఇక్కడే పని మొదలవుతుంది. మామూలుగా అయితే పాట కట్టేసి, తర్వాత "ఇది ఎవరు పాడితే బాగుంటుంది" అనుకుంటాం. గెస్ట్ సింగర్లతో ఆల్బమ్ అంటే ఆ వరస పనికిరాదు. ముందు గొంతు, తర్వాత శృతి, ఆ తర్వాతే ట్యూన్. శృతి అంటే పాటకు ఆధారమైన 'స' ఎంత ఎత్తులో ఉందన్నది, దాన్ని ఒకటి, ఒకటిన్నర, ఐదున్నర అని అంకెలతో చెప్పుకుంటాం. ఎందుకంటే ఆడగొంతు ఐదున్నర శృతిలో హాయిగా ఉంటుంది, మగగొంతు ఒకటి, ఒకటిన్నర దగ్గర. సంఘంలో ఇద్దరూ ఉంటారు. గాయని ఐదున్నరలో పై షడ్జం (పై 'స') పట్టి అదరగొడితే వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఆదివారం చర్చిలో ఎత్తుకునేసరికి సగం మంది నోళ్లు మూతపడతాయి.

సంగీతం టీచర్ గారి పాట దగ్గర దీనికో దారి దొరికింది. ఆవిడే చూపించారు. "చరణం నాకు ఐదున్నరలో ఇవ్వండి. కోరస్ వచ్చేటప్పుడు మధ్యమ శృతికి దింపండి" అన్నారు. అంటే పాటలోని మధ్యమాన్నే ('మ') కొత్త 'స'గా పెట్టుకోవడం. ఐదున్నరకు మధ్యమం అంటే సరిగ్గా ఒకటిన్నర. మగవాళ్లకు నప్పే చోటు. మధ్యమం షడ్జానికి దగ్గరి చుట్టం కాబట్టి, శృతి మారినా చెవికి కుదుపు తెలియదు. కీబోర్డ్ మీద వాయించి వినిపించారు. చరణం చివర సన్నగా పైకి వెళ్లిన గొంతు, ఒక్క బార్ గ్యాప్, ఆ వెంటనే బరువుగా సంఘం. మాకు ఒళ్లు జలదరించింది. మా తమ్ముడు అప్పటికప్పుడు మిగతా పాటలన్నీ తెరిచి ఇదే కొలతతో చూసుకున్నాడు. కోరస్ ఏదీ ఒక స్థాయి (కింది 'స' నుంచి పై 'స' దాకా ఉండే మేర) దాటకూడదని నియమం పెట్టుకున్నాం. సంగతులు, గమకాలు, ఆలాపనలు ఏమున్నా అవన్నీ చరణాల్లో గెస్ట్‌కి.

హక్కుల సంగతి త్వరగా చెప్పేస్తాను, కానీ దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మా ఎనిమిదిలో ఆరు కొత్త పాటలు. ఒకటి పాత క్యాసెట్ పాట. దాన్ని రాసిన పాస్టర్ గారు ఇప్పుడు లేరు. "చర్చి పాటే కదా, ఎవరు అడుగుతారు" అని కొందరు అన్నారు. మన చట్టంలో రాసినవాళ్ల హక్కు వాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. కవర్ వెర్షన్‌కి (ఉన్న పాటను వేరేవాళ్లు మళ్లీ పాడి రికార్డు చేయడానికి) చట్టంలోనే వేరే దారి ఉంది: పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు గడవాలి, కనీసం 50,000 కాపీలకు లెక్కగట్టి రాయల్టీ ముందుగా కట్టాలి. ఒక చర్చి కోయర్‌కి అది మోయలేని బరువు. మేం నేరుగా ఆయన కుటుంబాన్ని కలిశాం. ఆయన భార్య స్టాంపు పేపరు మీద సంతకం పెట్టి, "ఆయన పేరు మాత్రం తీసేయకండమ్మా" అన్నారు. మా పాటల వివరాల్లో మొదటి పేరు ఆయనదే.

ఇంకొకటి 'సైలెంట్ నైట్' ట్యూన్. దానికి ఏ హక్కులూ మిగల్లేదు. 1818 క్రిస్మస్ ముందురాత్రి ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డోర్ఫ్ అనే ఊళ్లో మొదటిసారి పాడారు. మాటలు యోసెఫ్ మోర్ అనే ఫాదర్‌వి, ట్యూన్ ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులుది. వాయిద్యం ఒక్క గిటారే. పాట ఆ ఇద్దరే పాడారు, ప్రతి చరణం చివరి పాదాలు కోయర్ అందుకుంది. ఇది చదివినప్పుడు నాకెంత ఆనందం వేసిందో! మేం పడుతున్న తాపత్రయం 200 ఏళ్ల కిందటే ఆ చిన్న గుడిలో ఉంది. ట్యూన్ స్వేచ్ఛగా వాడుకోవచ్చు గానీ, తెలుగు అనువాదాలకు వేరే హక్కుదారులు ఉండొచ్చు. అందుకని మాటలు కొత్తగా రాసుకున్నాం. అరేంజ్‌మెంట్ కూడా అలాగే పెట్టాం: ఒక గిటార్, రెండు గొంతులు, చివర్లో సంఘం. డ్రమ్స్ లేని పాట ఆల్బమ్ మొత్తంలో అదొక్కటే.

అందరూ గెస్ట్‌తో పాడించాక చివర్లో కోరస్ వేస్తారు. మేం ముందు కోరస్ తీసుకున్నాం. దానికి కారణం ఉంది. గెస్ట్ హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే చెవిలో సంఘం వినపడాలి. అప్పుడు ఆ గొంతు స్టూడియోలో ఒంటరిగా నిలబడి పాడినట్టు కాకుండా, మనుషుల ముందు నిలబడి పాడినట్టు వస్తుంది. స్టూడియోలో అంతమందికి చోటు చాలదు. అందుకని చర్చి హాల్లోనే రాత్రి పది దాటాక, రోడ్డు మీద ఆటోలు తగ్గాక పెట్టుకున్నాం. ఫ్యాన్ల చప్పుడు మైకుల్లో పడుతుందని అన్నీ ఆపేయాలి. గుంటూరు ఎండాకాలంలో తలుపులు మూసి, ఫ్యాన్లు ఆపి పాడటం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అందరికీ హెడ్‌ఫోన్స్ ఇస్తే వాటిలోంచి తాళం కోసం వినిపించే క్లిక్ చప్పుడు మైకులోకి కారుతుంది. వరసకు ఒక్కరికే ఇచ్చాం, మిగతావాళ్లు నా చేయి చూసి పాడారు. ఇద్దరు ఆంటీలు చీర కొంగుతో ఒకరి మొహం ఒకరు తుడుచుకుంటూ, అడుగు కూడా కదలకుండా తెల్లవారేదాకా నిలబడ్డారు. ఆ ట్రాకులో కాస్త శృతి జారిన గొంతులు కూడా ఉన్నాయి. ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌తో అన్నీ సరిచేద్దామంటే నేనే వద్దన్నాను. సంఘం పాడితే అలాగే ఉంటుంది.

సినిమా సింగర్ల దగ్గర డేట్లే పెద్ద టెన్షన్. కార్తీకమాసం పాటలు, అయ్యప్ప పాటలు, క్రిస్మస్ పాటలు అన్నీ ఒకే సీజన్లో పడతాయి కాబట్టి అక్టోబరు, నవంబరుల్లో వాళ్లకు ఊపిరాడదు. మేం జులైలోనే అడిగాం. పంపించాల్సినవి మూడు: ట్రాక్ సింగర్‌తో పాడించిన స్క్రాచ్ (నమూనా రికార్డింగ్), గొంతు లేని ట్రాక్, పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసిన పాట. ఒప్పందం కూడా ముందే మాట్లాడుకోవాలి. పాటకేనా, ప్రోమో వీడియోకి కూడా వస్తారా, ఫొటో వాడుకోవచ్చా, పేరు ఎలా వేయాలి, ఇవన్నీ పాడిన తర్వాత అడిగితే ఇబ్బంది.

హైదరాబాద్‌లో సినిమా గాయని మా పాట పాడటానికి వచ్చినరోజు సంగతి వివరంగా చెప్పాలి. పాటలో 'పొత్తిగుడ్డల పాపడు' అని ఒక పాదం ఉంది. ట్యూన్‌లో 'పొ' మీద పొడుగు స్వరం పడింది. స్క్రాచ్‌లో అది 'పోతి' అని వినిపిస్తోంది. మేమెవరం పట్టించుకోలేదు. ఆవిడ ఒకసారి విని, హెడ్‌ఫోన్స్ తీసి, "అక్కా, ఇక్కడ వత్తు పోతోంది కదా, అర్థం పోదూ?" అని అడిగారు. ఆవిడ మాతృభాష తెలుగు కూడా కాదు. మా తమ్ముడు స్వరం కొంచెం ముందుకు జరిపి, పొడుగంతా 'గుడ్డల' తర్వాత వచ్చే 'పా' మీదికి తెచ్చాడు. ఆవిడ మళ్లీ పాడారు. 'పొత్తి' దగ్గర చిన్నగా ఆగి, 'పా' మీద విస్తారంగా వెళ్లి, చివర 'డు' దగ్గర గొంతు దాదాపు ఊపిరిలోకి దించేశారు. పసిబిడ్డను చూసి మాట్లాడినట్టు. కన్సోల్ దగ్గర కూర్చున్న ఇంజనీర్ తల తిప్పి మా వంక చూశాడు. కోరస్ వచ్చినప్పుడు తన మైకు వాల్యూమ్ తగ్గించమని కూడా ఆవిడే అడిగారు. "వాళ్లు అంత బాగా పాడుతున్నారు, నేను పైన ఎందుకు?" అన్నారు. అంత పేరున్న మనిషి నోట ఆ మాట వస్తుందని మేం ఎదురుచూడలేదు.

డాలస్ అమ్మాయి తన పాట ఇంట్లోనే రికార్డు చేసి పంపింది. బట్టలు వేలాడే అల్మారా గదిలో, చలికోట్ల మధ్య మైకు పెట్టుకుంది. బట్టలు ప్రతిధ్వనిని పీల్చేస్తాయి, స్టూడియో లేనివాళ్లకు అంతకంటే మంచి చోటు దొరకదు. దూరం నుంచి పాడించేవాళ్లు మూడు విషయాలు ముందే చెప్పండి: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్ కావాలి, రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) గట్రా ఏమీ వేయకూడదు, పాట సున్నా సెకను నుంచి మొదలయ్యేలా పంపాలి. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే సౌండ్ నలిగిపోతుంది, డ్రైవ్ లింకే పంపించాలి. ఆ అమ్మాయి చరణం మధ్యలో ఒకచోట గొంతు వణికింది. నాలుగేళ్లుగా ఇంటికి రాలేదు తను. హెడ్‌ఫోన్స్‌లో వాళ్లమ్మ గొంతు కూడా ఉన్న కోరస్ వినిపించింది. ఆ వణుకును మేం తీయలేదు.

ర్యాప్ గురించి పెద్దవాళ్లలో కొందరికి అభ్యంతరం వచ్చింది. నా అభిప్రాయం సూటిగానే చెప్పాను. గొర్రెల కాపరులకు దూతలు యేసు పుట్టిన వార్త చెప్పిన ఘట్టం ఆ పాటలోది. రాత్రిపూట పొలంలో ఉన్నవాళ్లు పరుగున వెళ్లి ఊరంతా చాటారు. ఆ పరుగుకి ర్యాప్ కంటే బాగా నప్పేది నాకు తోచలేదు. కుర్రాడు తన మాటలు తనే రాసుకొచ్చాడు, గుంటూరు యాసలో. డప్పు మీద పాడాడు. ఆ పాటకే సండే స్కూల్ పిల్లలు యాక్షన్ సాంగ్ చేశారు.

మిక్సింగ్‌లో (విడివిడిగా రికార్డు చేసినవన్నీ కలిపే పనిలో) ఎక్కువసేపు పట్టింది గెస్ట్ గొంతుకీ కోరస్‌కీ పొత్తు కుదర్చడమే. స్టూడియోలో దగ్గరగా పాడిన గొంతు ఒక తీరు, హాల్లో దూరంగా పాడిన గుంపు ఇంకో తీరు. ఇంజనీర్ మా హాల్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టించి, ఆ ప్రతిధ్వనిని రికార్డు చేసుకుని, దాన్నే గెస్టుల గొంతులకు కొంచెం కొంచెం కలిపాడు. దాంతో అందరూ మా చర్చిలోనే నిలబడి పాడినట్టయింది. మిక్స్ అయినవి మంచి స్పీకర్లలోనే కాకుండా ఫోన్లో, ఆటోలో, చర్చి సౌండ్ బాక్సుల్లో కూడా విని చూసుకోండి. మాస్టరింగ్‌లో (విడుదలకు ముందు చేసే చివరి మెరుగులో) సౌండ్ ఎంత పెంచినా లాభం లేదు. స్పాటిఫై లాంటివి అన్ని పాటలనూ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (సౌండ్ ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరకు తెచ్చి వినిపిస్తాయి. గట్టిగా నొక్కేసిన పాట అక్కడ ఇంకా చప్పగా వినిపిస్తుంది.

విడుదలయ్యాక ఒక చికాకు ఎదురైంది. ఒక పాట మీద యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. మేం వాడిన రిథమ్ లూప్ (ముందే రికార్డు చేసి అమ్మే తాళం ముక్క) డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్నదే. అదే లూప్ వాడిన వేరే ఛానెల్ ఒకటి తన పాటను కంటెంట్ ఐడీలో (పాట ఎవరిదో యూట్యూబ్ దానంతటదే పోల్చి గుర్తించే ఏర్పాటులో) నమోదు చేయించుకుంది, అందుకే మాది వాళ్లదిగా కనిపించింది. లైసెన్సు వివరాలు రాసి డిస్ప్యూట్ పెట్టాం. అవతలివాళ్లకు జవాబు ఇవ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది. డిసెంబరులో 30 రోజులంటే క్రిస్మస్ అయిపోయినట్టే. మా అదృష్టం, వాళ్లు వెంటనే వదిలేశారు. లూప్ కొన్న రసీదులు దాచుకోండి. వీలైతే డప్పు, డోలక్ మనుషులతోనే వాయించుకోండి.

ఆల్బమ్‌ను అక్టోబరు చివర్లోనే విడుదల చేశాం. తొందరేం లేదని కొందరు అన్నారు గానీ, కోయర్లు ప్రాక్టీసు మొదలుపెట్టేది అప్పుడే. డిసెంబరు మొదటి వారానికి సెమీ క్రిస్మస్‌లు (పండక్కి ముందే జరిపే వేడుకలు), ఇంటింటికీ తిరిగే క్యారల్స్ రౌండ్లు మొదలవుతాయి, కొత్త పాట నేర్చుకునే తీరిక ఎవరికీ ఉండదు. పాటలతోపాటే గొంతు లేని ట్రాకులు, సాహిత్యం, గిటార్, కీబోర్డ్ వాయించేవాళ్ల కోసం కార్డ్స్ (chords) కూడా ఉచితంగా పెట్టాం. ఎక్కువమంది విన్నది సినిమా గాయని పాట. ఎక్కువ చర్చిల్లో పాడింది మాత్రం పాస్టర్ గారి పాత క్యాసెట్ పాట. ఏలూరు నుంచి, ఖమ్మం నుంచి, దుబాయ్‌లోని తెలుగు సంఘం నుంచి వీడియోలు వచ్చాయి. వాటిలో గెస్ట్ భాగం వాళ్ల ఊరి గొంతే పాడుతోంది, కోరస్ అందరూ అందుకుంటున్నారు. వాటిని పాస్టర్ గారి భార్యకు చూపించాను. ఆవిడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కోరస్‌తోపాటు పాడారు.

ఎక్కువమంది అడిగింది ఒక్కటే, "శృతి తగ్గించి ఇంకో ట్రాక్ ఇవ్వరా" అని. ఈ ఏడాది చేస్తున్న పాటలకు మొదటినుంచే రెండేసి శృతుల్లో ట్రాకులు తయారుచేస్తున్నాం. గెస్టుల డేట్లు ఈసారి జూన్‌లోనే అడిగేశాం.